క్యూ చేతికొస్తే కంగారెందుకు?



నెయ్యిని ఇంగ్లీషులో ఏమంటారని అడిగితే మీరేం చెబుతారు? ‘ఘీ’ అంటారు. డబ్బా మీద కూడా అదే రాసి ఉంటుంది. మరి ఆ మాట ఇంగ్లీషుదా, మనదా? ఈ ప్రశ్న దగ్గర నాకు నలుగురిలో చిన్నతనం జరిగింది. అందుకని ఇవాళ్టి కబురు అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మా వీధిలో ఆడవాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుస్తాం. ఒకసారి ఆ ఇంటావిడ స్క్రాబుల్ పెట్టె తీసింది. గళ్ళ బోర్డు, ఇంగ్లీషు అక్షరాలు చెక్కిన చిన్న చిన్న బిళ్ళలు. ఏడేసి బిళ్ళలు తీసుకుని, వాటితో మాటలు కట్టి బోర్డు మీద పేర్చాలి. మిగిలిన ముగ్గురూ కాలేజీ చదువులు చదివినవాళ్ళు. నాది తెలుగు మీడియం మెట్రిక్, అందులోనూ ఇంగ్లీషు ఏదో గట్టెక్కింది అనిపించుకున్నది. గుండె దడదడలాడుతూనే ఉంది. చూస్తే నా చేతిలో జీ, హెచ్, రెండు ఇ లు కనిపించాయి. ‘ఘీ’ అని పేర్చాను. గులాబీరంగు గడి మీద పడింది గనుక ఎనిమిది రెట్టింపై పదహారు పాయింట్లు. లోపల్లోపల ఎంత సంబరమో!

“అది ఇంగ్లీషు కాదండీ, మన వంటింటి మాట. తీసెయ్యండి,” అన్నదొకావిడ. పక్కావిడ నవ్వింది. నేను మారుమాట్లాడకుండా తీసేశాను. ఆ తరువాత ఆట అయ్యేదాకా ‘క్యాట్’, ‘డాగ్’ తప్ప ఇంకేమీ పెట్టలేదు.

వేసవి సెలవలకి మా మేనకోడలు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. అది వెంటనే నిఘంటువు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “అత్తా, చూసుకో!” జీ అక్షరం కింద నల్లటి అక్షరాలతో ‘ఘీ’ నిక్షేపంలా ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాట రాయటం మొదలుపెట్టి మూడువందల ఏళ్ళు దాటిందిట! నా పదహారు పాయింట్లూ అన్యాయంగా పోయాయన్నమాట. ఆ రోషం కొద్దీ ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు వెతకటం మొదలుపెట్టాను. వెతికినకొద్దీ ఆశ్చర్యమే.

ఈ ఆట కనిపెట్టినాయన ఏ పండితుడూ కాదు. ఆల్ఫ్రెడ్ బట్స్ అని న్యూయార్కులో ఇళ్ళకు ప్లానులు గీసే ఆర్కిటెక్టు. 1929లో అమెరికాలో షేర్ల బజారు కూలిపోయింది, దాని వెనకాలే వ్యాపారాలూ కూలాయి. ఇళ్ళు కట్టేవాళ్ళే లేనప్పుడు ప్లానులు గీసేవాడికి పనేముంటుంది? 1931లో ఆయన ఉద్యోగం పోయింది. ఇంట్లో ఖాళీగా కూర్చున్న మగవాడు ఏం చేస్తాడో మనకు తెలియంది కాదు. ఈయన మాత్రం ఓ కాగితం తీసుకుని, ప్రపంచంలో ఉన్న ఆటలెన్ని రకాలని ఆలోచించాడు. పాచికల్లాంటి అంకెల ఆటలు ఒక రకం. చదరంగంలాంటి ఎత్తుల ఆటలు ఒక రకం. అక్షరాల ఆటలు ఇంకొకటి. మొదటిదంతా అదృష్టం, రెండోదంతా తెలివి. అక్షరాల ఆటలో రెండూ సగం సగం కలిపితే ఎల్లా ఉంటుంది అనుకున్నాడు.

అప్పటికే అమెరికాలో అక్షరాల పిచ్చి బాగా ముదిరి ఉంది. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ అనే ఆయన ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో మొట్టమొదటి పదబంధం ప్రహేళిక అచ్చువేశాడు. మనమిప్పుడు చూసే చతురస్రంలా కాక, గాలిపటంలా కోసుగా ఉండేది. 1924లో ఆ పజిళ్ళతో పుస్తకం వచ్చాక జనం దానిమీదే పడ్డారు. బట్స్‌గారు ఆ గాలిలో ఉన్నవాడే.

ఇక ఆయన చేసిన అసలు పని వినండి. ఏ అక్షరం బిళ్ళలు ఎన్ని ఉండాలి? అన్నీ సమంగా పెడితే ఆట నడవదు. మనం చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళేరినట్టు, ఆయన దినపత్రికలు ముందేసుకుని, మొదటి పేజీలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ‘న్యూయార్క్ టైమ్స్’ పేజీల మీద చేసిన లెక్క అది. ఎడ్గార్ అలన్ పో రాసిన ‘ది గోల్డ్ బగ్’ అనే కథలో ఒక రహస్య లిపిని అక్షరాల వాడుక లెక్కతో విప్పుతారు. ఆ కథ ఆయన మనసులో ఉండేదిట.

ఇల్లాంటి లెక్క చేసినవాడు అంతకుముందూ ఒకడున్నాడు. తంతి వార్తలకు మోర్స్ సంకేతాలు తయారయ్యే రోజుల్లో, మోర్స్ సహచరుడు ఆల్ఫ్రెడ్ వెయిల్ ఒక అచ్చాఫీసుకి వెళ్ళి, సీసపు అక్షరాల అరల్లో ఏ అక్షరం ఎన్ని నిలవ పెట్టుకున్నారో చూసి లెక్క రాసుకున్నాడని చెబుతారు. అందుకే ఇంగ్లీషులో అందరికన్నా ఎక్కువ తిరిగే ఇ కి ఒక్క చుక్క చాలింది. ఒకప్పుడు మన దేశంలో పోస్టాఫీసుల్లో టకటకలాడింది ఆ లెక్కే. చిన్నప్పుడు టెలిగ్రామంటే ఇంటిల్లిపాదీ హడలిపోయేవాళ్ళం గాని, దాని వెనక ఇంత గుట్టుందని ఎవరికి తెలుసు!

సరే, బట్స్‌గారి లెక్క. మొత్తం నూరు బిళ్ళలు. ఇ లు పన్నెండు, ఏ లూ ఐ లూ తొమ్మిదేసి, ఓ లు ఎనిమిది. జే, కే, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే. ఎక్కడా దొరకనివాటికి విలువ ఎక్కువ కదా! ఇ కి ఒకే పాయింటు. జే కీ ఎక్స్‌కీ ఎనిమిదేసి. క్యూకీ జెడ్‌కీ పది. ఎస్ మటుకు భాషలో కుప్పలుగా ఉన్నా నాలుగే పెట్టాడు. లేకపోతే ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ మాట చివర ఒక ఎస్ తగిలించి బహువచనం చేసేసి కూర్చుంటారని ఆయన భయం. ఆ భయం నిజమేనని ఆడినవాళ్ళకి తెలుసు.

మొదట ఆ ఆటకి ‘లెక్సికో’ అని పేరు పెట్టాడు. దానికి బోర్డే లేదు. 1938 నాటికి బోర్డు వచ్చింది, అడ్డం పదిహేను గళ్ళు, నిలువు పదిహేను గళ్ళు. పేరు ‘క్రిస్-క్రాస్ వర్డ్స్’ అయింది. ఆటవస్తువుల పెద్ద కంపెనీలు వద్దన్నాయి. పేటెంటూ రాలేదు. ఇంట్లోనే చెక్క కోసి, అక్షరాలు అతికించి, స్నేహితులకి ఇచ్చేవాడు. తాముండే జాక్సన్ హైట్స్ పేటలో చర్చి గదిలో నలుగురినీ పోగుచేసి ఆడించేవాడు. ఆ పేటలో ఒక వీధి పేరు పలక మీద ఇప్పుడు ప్రతి అక్షరం కిందా దాని పాయింట్లు రాసి ఉంటాయి.

ఆయన ఇల్లాలి సంగతి చెప్పకపోతే నాకు తృప్తి లేదు. ఆమె పేరు నీనా. పెళ్ళికి ముందు బడిపంతులమ్మ, బట్స్‌కే చదువు చెప్పిందిట! ఆట కనిపెట్టింది ఆయనే అయినా ఆడటంలో ఆమెదే పైచెయ్యి. స్పెల్లింగులు తనకంత బాగా రావని ఆయనే ఒప్పుకున్నాడు. ఒకసారి ఆమె ‘క్విక్సాటిక్’ అని ఎనిమిదక్షరాల మాట పేర్చి భర్తగారిని నోరు తెరిపించిందని చెప్పుకుంటారు. క్యూ, ఎక్స్ రెండూ ఒకే మాటలో! ఏ ఇంట్లోనైనా సామాను అమర్చేది ఒకరు, దాన్ని సద్వినియోగం చేసేది ఇంకొకరు.

ఆట బజారుకెక్కింది జేమ్స్ బ్రూనో అనే ఆయన చేతి మీదుగా. 1948లో ఆయనే ‘స్క్రాబుల్’ అని పేరు మార్చాడు. ఆ మాటకి గోళ్ళతో గబగబా గీకటం, తడుములాడటం అని అర్థం. ఏడు బిళ్ళలూ ఒకేసారి వాడేసినవాళ్ళకి యాభై పాయింట్ల బహుమానం కూడా ఆయన ఆలోచనే. భార్య హెలెన్‌తో కలిసి మొదట ఇంట్లోనే, తరువాత ఒక పాడుబడ్డ బడి కొట్టంలో, చెక్కబిళ్ళల మీద ఒక్కొక్క అక్షరం అచ్చొత్తేవారు. గంటకి పన్నెండు పెట్టెలు తయారయ్యేవి. 1949లో రెండువేల నాలుగువందల పెట్టెలు అమ్మి, నాలుగువందల యాభై డాలర్లు నష్టపోయారు. మన అప్పడాలు, వడియాల వ్యాపారం మొదటేడు ఎల్లా ఉంటుందో అల్లాగే.

1952లో దశ తిరిగింది. మేసీస్ అనే పెద్ద దుకాణం అధిపతి సెలవల్లో ఎక్కడో ఈ ఆట ఆడి, తిరిగొచ్చి, మన కొట్లో ఇది లేకపోవటమేమిటని కేకలేశాడని కథ చెబుతారు. ఆ తరువాత ఇంట్లో చెయ్యటం ఎక్కడ సరిపోతుంది? పెద్ద కంపెనీకి అప్పగించారు. 1954 నాటికి నలభై లక్షల పెట్టెల దాకా అమ్ముడుపోయాయి. బట్స్‌గారికి పెట్టెకి కొన్ని సెంట్లే వచ్చేవి. అయినా వాటితో హాయిగా బతికి, 1993లో తొంభైమూడేళ్ళ వయసులో పోయాడు.

ఇంక కంగారుపెట్టే అక్షరాల దగ్గరికొద్దాం. చేతికి క్యూ వచ్చిందనుకోండి, పక్కన యూ లేకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. అసలు క్యూ వెనకాలే యూ ఎందుకుండాలి? ‘క్వీన్’ అన్న మాటని ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు సి, డబ్ల్యూలతో రాసుకునేవాళ్ళు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. వాళ్ళ రాయసగాళ్ళు తమ అలవాటు ప్రకారం క్యూ, యూ కలిపి రాశారు. రాజ్యంతో పాటు రాణిగారి స్పెల్లింగూ మారిపోయింది. అత్తారింటికి వెళ్ళాక మన ఇంటిపేరు మారినట్టే.

జెడ్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. లాటిన్‌వాళ్ళ వర్ణమాలలో అది మొదట ముందువరసలోనే, ఏడో స్థానంలో ఉండేది. దానితో పనేముందని తీసేసి ఆ చోట జీ ని కూర్చోబెట్టారు. తరువాత గ్రీకు మాటలు రాయాల్సివచ్చి జెడ్‌ని మళ్ళీ పిలిచారు. పంక్తి మధ్యలోంచి లేచివెళ్ళినవాళ్ళకి ఆ విస్తరి మళ్ళీ దొరుకుతుందా? చిట్టచివర వేశారు. జే ఏమో అందరికన్నా చిన్నది. చాలాకాలం ఐ కి మరోరూపంగానే చెలామణి అయింది. 1755లో వచ్చిన జాన్సన్ పండితుడి నిఘంటువులో కూడా ఐ మాటలూ జే మాటలూ కలగలిపే ఉన్నాయి.

యూ లేని క్యూకి మందు ఎక్కడుందనుకున్నారు? అరబ్బుల దగ్గర, యూదుల దగ్గర, చైనావాళ్ళ దగ్గర. యెమెన్‌లో మనవాళ్ళు తమలపాకులు నమిలినట్టు నమిలే ఒక ఆకు ఉంది, దాని పేరు ‘కాట్’. క్యూ, ఏ, టీ, మూడే అక్షరాలు. ‘కనాత్’ అని మరొకటి. ఇరాన్‌లో కొండల అడుగునుంచి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చే సొరంగ కాలవ. అల్లాంటివి మన పక్కనే బీదరులో బహమనీల కాలంలో తవ్వినవి ఇప్పటికీ ఉన్నాయి. ఇంక హైదరాబాదువాళ్ళు గర్వపడే మాట వినండి: ‘కవ్వాలీ’. క్యూ, ఏ, రెండు డబ్ల్యూలు, ఏ, ఎల్, ఐ. సరిగ్గా ఏడక్షరాలు! విడిగా ఇరవైరెండు పాయింట్లు, ఏడూ ఒకేసారి వాడితే పైన యాభై. మాంచి కవ్వాలీ విన్నంత ఆనందం.

రెండక్షరాల మాటలే ఈ ఆటకి పోపుదినుసులు. చైనావాళ్ళు ప్రాణశక్తిని ‘చీ’ అంటారు. దాన్ని క్యూ, ఐ అని రాస్తారు. ‘పీజా’ని కుర్రకారు ముద్దుగా ‘జా’ అని కత్తిరించారు. ఈ రెండూ 2006లో అమెరికా పోటీల జాబితాలోకి ఎక్కాయి. హిమాలయాల్లో జడలబర్రెకీ ఆవుకీ పుట్టిన పశువుని ‘జో’ అంటారు, జెడ్, ఓ. ఎక్స్ వస్తే ‘యాక్స్’, ‘ఎక్స్’, ‘ఆక్స్’ ఉన్నాయి, వియత్నాం నాణెం ఒకటుంది, ఎక్స్, యూ. ఒక్క వి మాత్రం ఒంటరి. దానితో రెండక్షరాల మాట ఒక్కటీ లేదు. అంచేత చివరిదాకా వి ని చేతిలో ఉంచుకోకండి.

ఇవన్నీ ఎవరు ఒప్పుకోవాలంటారేమో. మొదట్లో తగువులకి అంతుండేది కాదు. ఒకరింట్లో ఒక నిఘంటువు, ఇంకొకరింట్లో మరొకటి. 1978లో అమెరికాలో అయిదు నిఘంటువులు వడబోసి ఈ ఆటకోసమే ప్రత్యేకంగా ఒక నిఘంటువు వేశారు. ఇంగ్లండు వైపు కాలిన్స్ వాళ్ళ జాబితా నడుస్తుంది, అది ఇంకా పెద్దది. మన మాటలు ఎక్కువగా ఉన్నది అందులోనే.

చూడండి మరి. ‘శారీ’కి నాలుగే పాయింట్లు. ముందున్న ఎస్ తీసి జెడ్ పెడితే ‘జరీ’, పదమూడు పాయింట్లు. జరీ పడితేనే చీరకి విలువని అమెరికా ఆర్కిటెక్టుకి ఎల్లా తెలిసిందో! ‘ధోతీ’ తొమ్మిది. ‘ఖాదీ’ పదమూడు. జొన్నలు, అదే ‘జోవార్’, పదిహేను. ‘జెనానా’ అంటే అంతఃపురం, అదీ పదిహేనే. ‘ఇడ్లీ’ ఉంది, ‘దోశ’ ఉంది. ‘సాంబార్’ కూడా ఉందని సంబరపడ్డానుగాని, వాళ్ళ నిఘంటువు ప్రకారం అది మన అడవుల్లో తిరిగే ఒక పెద్ద జింక. పోనీలెండి, పాయింట్లు వస్తే చాలు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది మన తెలుగు మాట. ‘బ్యాండికూట్’. మన పందికొక్కు! దొరలు దాన్ని ఇక్కడ చూసి, విన్నంతవరకు రాసుకుపోయారు. ఆస్ట్రేలియాలో మూతి కోసుగా ఉన్న వేరే జంతువు కనబడితే దానికీ ఇదే పేరు తగిలించారు. మన ధాన్యపు గాదెల కింద కన్నాలు తవ్వే ప్రాణి, పేరుతో సముద్రాలు దాటింది. 1886లో వచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే లావుపాటి నిఘంటువు నిండా మన దేశపు మాటలే. పెళ్ళివారి సామాను జాబితాలా ఉంటుంది.

ఈ ఆట తెలుగులో ఉంటే ఎంత బాగుండును అని మీరనుకుంటున్నారు కదూ? నేనూ అనుకున్నాను. కాని ఆలోచించండి. ఇంగ్లీషుకి ఇరవైఆరు రకాల బిళ్ళలు చాలు. మనకి ‘క’ వేరు, ‘కి’ వేరు, ‘క్ర’ వేరు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఒక బిళ్ళ కావాలి. గుణింతాలూ ఒత్తులూ లెక్కేస్తే బిళ్ళలు బస్తాలకెత్తుకోవాలి. పత్రికల్లో మన పదబంధాల గడిలో అందుకే అక్షరాన్ని ఒత్తుతో సహా పెడతాం. బట్స్‌గారు తెలుగుదేశంలో పుట్టి ఉంటే పేపరు ముందేసుకుని ఇంకా లెక్కపెడుతూనే ఉండేవాడు.

భాష బాగా వస్తేనే ఈ ఆట వస్తుందా అని మా వారు అడిగారు. దానికి జవాబు నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజిలాండ్ ఆయన. 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచపోటీలో గెలిచాడు. ఆయనకి ఫ్రెంచి మాట్లాడటం రాదు! కొద్ది వారాల్లో ఫ్రెంచి మాటల జాబితా కంఠస్థం చేసి వెళ్ళాడు, అంతే. మన చిన్నప్పుడు పంతులుగారు బెత్తం పట్టుకుని ఎక్కాలు, అమరం వల్లె వేయించలేదూ? అర్థం తరువాత తెలిసింది, నోటికి ముందు వచ్చింది. నాకూ అదే దారి దొరికింది. బియ్యం డబ్బా మూత లోపలివైపు ఒక కాగితం అంటించి క్యూ మాటలు రాసుకున్నాను. పొద్దున్న ఎసరు పెట్టేటప్పుడొకసారి, సాయంత్రం ఒకసారి చదువుకున్నాను. నెల తిరిగేసరికి ఇరవై మాటలు నోటికొచ్చాయి.

మొన్న సంక్రాంతికి ఆడవాళ్ళం మళ్ళీ కలిశాం. అదే ఇల్లు, అదే పెట్టె. నా చేతికి క్యూ వచ్చింది, యూ లేదు. ఏ, టీ ఉన్నాయి. పెట్టాను. అప్పటి ఆవిడే కళ్ళజోడు సర్దుకుని, “ఇదేం మాటండీ?” అన్నది. నేనేమీ అనలేదు. చేతిసంచీలో మా మేనకోడలిచ్చిన నిఘంటువు ఉంది. తీసి ఆవిడకందించి, కాఫీ గ్లాసులు లోపల పెట్టి వస్తానని లేచాను. తిరిగొచ్చేసరికి ఆవిడ ఇంకా ఆ పుస్తకం తిరగేస్తూనే ఉంది. వేలు మాత్రం క్యూ దగ్గర లేదు, జీ దగ్గర ఉంది.

“వదినగారూ, ఘీ కూడా ఉందండీ,” అన్నది.

“ఉందండీ. పదహారు,” అన్నాను.

ఆవిడ చీటీ మీద నా పేరు కింద పదహారు వేసింది. పాత ఆట పాయింట్లు కొత్త ఆటలో కలపకూడదని పక్కావిడ గొడవపెట్టింది. ఆ తగువు ఇంకా తేలలేదు. సెలవు.